సిగ్గు ఎవ్వరిది?

(ఒక పట్టణ గ్రంథాలయమున తలిదండ్రుల, ఉపాధ్యాయుల సభలో మేము చేసిన ప్రసంగము)

ఈ గ్రంథాలయమున మేము పలుమార్లు మాటలాడియున్నాము. కావ్యములను గూర్చియు, పంటకాలువలను గూర్చియు, పురపాలక సంఘపు పన్నులను గూర్చియు మాటలాడినపుడు మాకెన్నడును నాలుక తడబడలేదు. నేటి విషయమును ప్రస్తావించుటకు మాత్రము మేమును కొంత సంకోచించితిమి. ముందువరుసలో తల్లులు కూర్చుండియున్నారు. వెనుక బల్లలపై పదవతరగతి పిల్లలు కొందఱున్నారు. ఇట్టి సభలో ఇట్టి మాటయా యని పెద్దలెవ్వరైన లేచిపోవుదురేమో యని శంకించితిమి. ఆ శంకయే నేటి మా ప్రసంగమునకు కారణము. పెద్దలు నోట పలుకజాలని విషయమును పిల్లలు ఒంటరిగ, అర్ధరాత్రమున, చేతిలోని ఫోను వెలుగులో ఎదుర్కొనుచున్నారు. మనము పలుకకపోవుట వలన ఆ విషయము లేకుండ పోలేదు. దానిని గూర్చి అడుగుటకు పెద్దదిక్కు మాత్రము పిల్లలకు లేకుండ పోయినది.

విషయమిది. పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు గల మన బాలబాలికలలో కొందఱు తమ ఏకాంతచిత్రములను, అనగా వస్త్రములు లేనివో పరుల కన్నుల బడరానివో యగు ఫొటోలను, వీడియోలను, సెల్‌ఫోనులో తీసికొని ఒకరికొకరు పంపుకొనుచున్నారు. అట్లు పంపినవి చేతులు మాఱి వీథిన పడుచున్నవి. వానిని చేతబట్టుకొని దుర్మార్గులు బెదిరించుచున్నారు. బెదరిన పిల్లలు చదువు మానుచున్నారు, ఇల్లు విడుచుచున్నారు, కొన్నియెడల ప్రాణములే తీసికొనుచున్నారు. ఈ యాపదను గూర్చి పిల్లలకు ఏమి చెప్పవలయును, ఎట్లు చెప్పవలయును, ఏ పిల్లలకు చెప్పవలయును అనునదియే నేటి విచారణ.

ఆడపిల్ల గల ప్రతి తెలుగింటను వినబడు సామెత యొకటి కలదు. ఆకు వచ్చి ముల్లుమీద పడినను, ముల్లు వచ్చి ఆకుమీద పడినను చిరుగునది ఆకే. తరతరములుగ తల్లులు కూతుండ్రకు ఈ మాట చెప్పుచున్నారు. అందు సత్యము లేకపోలేదు; నష్టపడునది ఆకే. కాని ముల్లునకు చెప్పదగిన సామెత మన యిండ్లలో ఏది? కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నాయనా, నీవు ముల్లువు కావద్దు" అని చెప్పిన తండ్రులు ఈ సభలో ఎందఱు? దాగియుండుమని ఆకునకు చెప్పుటతో మన బోధ ముగియుచున్నది. ఈ అరకొఱ బోధ వలననే పిల్లలకు ముప్పు పెరుగుచున్నదని మా దృఢవిశ్వాసము.

ఇది నిన్న మొన్న పుట్టిన తెగులనియు, చేతిలోని క్రొత్త ఫోనులను విసరివైచిన తీఱిపోవుననియు కొందఱందురు. అది పొరపాటు. 2004వ సంవత్సరమున, వాట్సాపు పుట్టకమునుపే, ఢిల్లీ నగరమున ఇద్దఱు పాఠశాల విద్యార్థుల ఏకాంతమును వారిలోని బాలుడు తన ఫోనులో చిత్రించెను. రెండు మూడు నిమిషముల ఆ వీడియో చేతినుండి చేతికి ప్రాకి, తుదకు ఇంటర్నెట్టులోని యొక వేలపు అంగడిలో ఒక్కింటికి 125 రూపాయల వెలకు అమ్మకమునకు పెట్టబడెను. ఆ వెల యిచ్చి కొన్నవారును ఉండిరి. తీసినవాడొకడు, పంపినవారు పలువురు, అమ్మినవాడొకడు, కొన్నవారు కొందఱు. అందఱును చదువుకొన్నవారే. సిగ్గుభారము మాత్రము ఒక పిల్ల తలపై పడినది.

ఈ యాపద మన యిండ్లలోనికి మూడు ద్వారముల గుండ వచ్చుచున్నది. వానిని వేఱువేఱుగ ఎఱుగకున్న బోధించుట సాధ్యము కాదు.

మొదటి ద్వారము నమ్మకము. ప్రేమ యనుకొన్న చోటనో, స్నేహమనుకొన్న చోటనో ఒకరు అడుగుదురు, ఒకరు పంపుదురు. అడుగువాడు తఱచుగ పలుకు మాట, "నన్ను నమ్మవా?" అనునది. పంపిన నాడు ఇరువురికిని అది ముద్దుగనే యుండును. స్నేహము చెడిన మఱునాడు అదే చిత్రము కత్తియగును. కొన్నిచోట్ల పగ కూడ నక్కఱలేదు. తన గొప్ప చూపుకొనుటకై ఒక్క మిత్రునికి చూపిన చాలును.

రెండవ ద్వారము మాఱువేషము. ఎదుట నున్నది తన యీడు పిల్లయో పిల్లవాడో యని నమ్మించి, చిత్రమును రాబట్టి, ఆ క్షణమునుండియే బెదిరింపు మొదలిడుదురు. కెనడా దేశమున ఒక బాలిక పసితనమున కెమెరా ఎదుట చేసిన ఒక్క పొరపాటును పట్టుకొని ఒక అపరిచితుడు ఏండ్ల తరబడి వెంటాడెను. ఆమె బడి మాఱినను ఆ చిత్రము క్రొత్తబడికిని వెంట వచ్చెను. 2012వ సంవత్సరము అక్టోబరు మాసమున, తన 15వ యేట, ఆమె ప్రాణము తీసికొనెను. అంతకు ఒక నెల ముందు తన కథను కాగితపు ముక్కలపై వ్రాసి, ఒక్కొక్కటిగ కెమెరాకు చూపినది, నోరు విప్పలేదు. ఆ వెంటాడినవాడు సముద్రమునకు ఆవల, నెదర్లాండ్సు దేశమున దొరకెను. 2022లో కెనడా న్యాయస్థానము వానికి 13 సంవత్సరముల శిక్ష విధించినది. శిక్ష పడువఱకు పదియేండ్లు గడచెను.

ఇది ఆడపిల్లల వ్యవహారమే యని మగపిల్లల తలిదండ్రులు నిశ్చింతగ నుండవలదు. 2022 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున 17 ఏండ్ల బాలునితో ఒక 'అమ్మాయి' ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహము చేసెను. ఆ అమ్మాయి నిజమునకు నైజీరియా దేశమున కూర్చున్న మోసగాండ్రు. చిత్రము చేతికి చిక్కగనే సొమ్ము అడిగిరి. బాలుడు తనకు చేతనైనంత చెల్లించెను. చెల్లించిన పిమ్మట ఇంకను తెమ్మనిరి. బెదిరింపు మొదలైన కొన్ని గంటలలోనే ఆ బాలుడు మరణించెను. ప్రక్కగదిలో తలిదండ్రులుండగ బిడ్డ ఒంటరివాడగుట యిట్లే. అందలి సోదరులిద్దఱు అమెరికాకు తేబడి, 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరు పదునేడున్నర సంవత్సరముల కారాగారశిక్షను పొందిరి.

మూడవ ద్వారము అన్నిటికంటె క్రొత్తది. ఇందు పిల్ల ఏ చిత్రమును పంపనక్కఱలేదు, ఏ తప్పును చేయనక్కఱలేదు. 2023లో స్పెయిన్ దేశమున అల్మెంద్రలేహో అను చిన్న పట్టణమున 20 మందికి పైగా బాలికల మామూలు ఫొటోలను వారి యీడు బాలురే తీసికొని, కృత్రిమమేధ అను యంత్రబుద్ధి సాయమున వానిని నగ్నచిత్రములుగ మార్చి వాట్సాపు గుంపులలో పంచిరి. మఱుసటి యేట అచటి బాలల న్యాయస్థానము 15 మంది బాలురకు ఒక సంవత్సరపు పర్యవేక్షణశిక్ష విధించుచు, స్త్రీ పురుష సమానతను గూర్చియు, సాంకేతిక సాధనములను బాధ్యతతో వాడుటను గూర్చియు వారు పాఠములు చదువవలెనని ఆజ్ఞాపించెను. న్యాయస్థానము చెప్పించిన ఆ పాఠములను ఇల్లును బడియు ముందే చెప్పియుండవలసినది. "మా పిల్ల అట్టిది కాదు" అను ధీమా ఈ మూడవ ద్వారము ఎదుట నిలువదు. ఇచట పిల్ల ఎట్టిదను ప్రశ్నయే లేదు. ప్రక్కింటి పిల్లవాడు ఎట్టివాడనునదియే ప్రశ్న.

ఇక పంపిన చిత్రము ఏల తిరిగి రాదో పిల్లలకు విశదముగ చెప్పవలయును. పెదవి దాటిన మాట పృథివి దాటునని పెద్దలనిరి. మాట గాలిలో కలిసియైన పోవును, చిత్రము పోదు. పంపిన ఫోనులో ఒక ప్రతి, అందిన ఫోనులో ఒక ప్రతి, ఆ రెంటినుండి తమంత తామే దూరపు కంప్యూటరులలోనికి ఎక్కు నకళ్లు, తెఱపై నున్నదానిని మరల తీసికొను స్క్రీన్‌షాట్లు: ఒక్క నిమిషములో నాలుగైదు ప్రతులగును. ఒక్కసారి చూడగనే మాయమగునని చెప్పు యేర్పాటులు కలవు. ఆ తెఱను వేఱొక ఫోనుతో ఫొటో తీయువానిని అవి ఆపజాలవు. తన ఫోనులో తుడిచివేసినవాడు తన ప్రతిని మాత్రమే తుడిచెను. పిల్లలకు ఫోను వాడుట మనకంటె బాగుగ వచ్చును గాని, దాని లోపల జరుగు నీ పని వారిలో పలువురికి తెలియదు. ఇది నీతిబోధ కాదు, యంత్రశాస్త్రము. గణితము మాస్టరుగారు సంకోచము లేక నల్లబల్లపై వ్రాసి చూపవచ్చును. ఒకడు ఇద్దఱికి, ఆ యిద్దఱు మఱి యిద్దఱేసికి పంపిన పదవ మెట్టునకు ఎందఱగుదురో లెక్క వేయించిన చాలును. ఆ మెట్టున క్రొత్తగ చూచువారే 1024 మంది.

చట్టము ఏమి చెప్పుచున్నదో కూడ తెలిసికొందము. మన దేశమున 2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని వారందఱును బాలలే. అందు ఆడమగ భేదము లేదు. సమాచార సాంకేతిక చట్టమున 66ఈ అను సెక్షను ప్రకారము, ఒకరి గుప్తాంగముల చిత్రమును వారి సమ్మతి లేక తీయుటకును, ప్రకటించుటకును, పంపుటకును 3 సంవత్సరముల వఱకు ఖైదు గాని, 2 లక్షల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చిత్రములోని వారు బాలలైనచో 67బీ సెక్షను వర్తించును. మొదటి నేరమునకే 5 సంవత్సరముల వఱకు ఖైదు, 10 లక్షల వఱకు జరిమానా. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 77వ సెక్షనున మఱియొక ముఖ్యమైన వివరణ కలదు. ఒక స్త్రీ చిత్రము తీయుటకు సమ్మతించి, దానిని ఇతరులకు పంచుటకు సమ్మతింపకున్న యెడల, పంచుట నేరమే.

ఈ యొక్క వివరణను మన పిల్లలు ఎక్కముల వలె కంఠస్థము చేయదగును. తీయనిచ్చుట వేఱు, పంచనిచ్చుట వేఱు. "ఆమె తానై పంపినది గదా" అను సాకు చట్టము ఎదుట చెల్లదు. మన యరుగులమీద మాత్రము నేటికిని చెల్లుచున్నది. అదియే మన దౌర్భాగ్యము.

చట్టపు రెండవ యంచును కూడ దాచరాదు. 67బీ సెక్షనున బాలబాలికలు తమలో తాము పంచుకొనిన చిత్రములకు ప్రత్యేకమైన మినహాయింపు వ్రాయబడలేదు. పదునాఱేండ్ల పిల్లవాడు సహపాఠి చిత్రమును గుంపులో వేసిన యెడల, వానిని బాలల న్యాయచట్టము క్రింద విచారింతురు గాని, నేరము నేరమే. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పున, బాలల అసభ్యచిత్రములను ఇతరులకు పంచకున్నను తన యొద్ద నుంచుకొనుట కూడ పోక్సో చట్టము 15వ సెక్షను క్రింద నేరము కావచ్చునని స్పష్టపఱచెను. అట్టిది గుంపులో వచ్చినపుడు "నేను చూచితిని, ఊరకుంటిని" అనువాడు తాను నిర్దోషినని తలపరాదు.

తిలాపాపము తలాపిడికెడు. ఈ సామెత ఈ చిత్రములకొఱకే పుట్టినదా యనిపించును. మొదట పంచినవాడొకడే, కాని ఒక బాలిక బ్రతుకును వీథిలో పెట్టినది వాడొక్కడే కాదు. "చూచితివా?" యని మిత్రునికి పంపినవాడు, నవ్వుబొమ్మ పెట్టినవాడు, "ఎవరీ పిల్ల?" అని యడిగినవాడు, ఆ పేరు చెప్పినవాడు, అందఱును తలయొక పిడికెడు మోసినవారే. మన పిల్లలలో చిత్రము పంపువారి కంటె, ఇతరుల చిత్రము తమ ఫోనులో వచ్చి పడువారే యెక్కువగ నుందురు. కనుక మనము నేర్పవలసిన మొదటి పాఠము "పంపకుము" అనునది మాత్రమే కాదు. "నీ చేతికి వచ్చినదానిని నీ చేతిలోనే ఆపుము, తుడిచివేయుము, పెద్దలకు చెప్పుము, ఆ పిల్లకు తోడు నిలువుము" అనునది అంతకంటె ముందు నేర్పదగినది. ఈ పాఠము ముల్లునకు చెప్పవలసిన సామెత.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. ఈ బెదిరింపు వర్తకమున వర్తకుని మూలధనమేమి? చిత్రము కాదు. చిత్రము వానికొక సరకు మాత్రమే. "మీ నాన్నకు పంపుదును, మీ బడికి పంపుదును, మీ బంధువులకు పంపుదును" అనునదే వాని పలుకుబడి. అనగా ఆ బిడ్డకు తండ్రియెడల గల భయము, బడియెడల గల భయము, బంధువుల నాలుకలయెడల గల భయము, ఇవియే వాని పెట్టుబడి. ఆ పెట్టుబడిని వానికి సమకూర్చినది ఎవ్వరు? మనమే. ఇంటిగుట్టు లంకకు చేటని మనము పిల్లలకు నేర్పితిమి. పరువు పోయిన పిమ్మట బ్రతుకేల యని వారి యెదుటనే పలుమార్లు పలికితిమి. పొరుగింటి పిల్లకు కష్టము వచ్చినపుడు ఆ పిల్లనే తప్పుపట్టితిమి. మన పిల్ల ఆ మాటలు తలుపు చాటున వినినది. తన వంతు వచ్చినపుడు మన యొద్దకేల వచ్చును?

"నాన్నా, ఒక తప్పు చేశాను" అని చెప్పగల పిల్లను ఏ దుర్మార్గుడును రెండు దినములకు మించి బెదిరింపజాలడు. తండ్రికి చెప్పుదునని వాడన్నపుడు, "మా నాన్నకు ఇదివరకే తెలుసు" అని పిల్ల బదులు చెప్పగలిగిన నాడు వాని అంగడి మూతపడును. పోలీసులును చట్టములును పిమ్మట వచ్చు రక్షణలు. మొదటి రక్షణ ఇంటి తలుపు.

కాబట్టి తలిదండ్రులకు మా మొదటి విన్నపమిది. నేటి రాత్రి భోజనములైన పిమ్మట బిడ్డను, కొడుకైనను కూతురైనను, దగ్గఱ కూర్చుండబెట్టుకొని నాలుగు మాటలు చెప్పుడు. ఉపన్యాసము వలదు. ఇంటిలో మాటలాడు తెలుగులోనే చెప్పుడు: "ఫోనులో ఎవరైనా నిన్ను బెదిరించినా, నువ్వే ఏదైనా పొరపాటు చేసినా, ముందు నాకు చెప్పు. నేను కొట్టను, తిట్టను, ఫోను లాక్కోను. ఇద్దరం కలిసి చూసుకుందాం." ఇందు ఫోను లాగికొననను మాట చిన్నదిగ కనబడును గాని చిన్నది కాదు. చెప్పిన ఫోను పోవునను భయముతో చెప్పక దాచు పిల్లలు గలరు. మాట ఇచ్చిన పిమ్మట ఆ మాటను నిలుపుకొనుడు. ఒక్కసారి తప్పిన తలుపు మరల తెఱువబడదు.

"నన్ను నమ్మవా?" అని ఎవ్వరైన అడిగినపుడు ఏమి చెప్పవలయునో కూడ బిడ్డకు ముందుగనే నేర్పుడు. "నమ్మకం ఉంటే ఫొటో ఎందుకు?" అను నాలుగు మాటలు చాలును. అడుగువాడు కోపించినచో వాని స్నేహపు విలువ అప్పుడే తేలిపోవును. కుమారునికి మఱియొక మాట చెప్పుడు. ఒకసారి కాదన్న పిల్లను రెండవసారి అడుగుట వేధింపేయనియు, తనను నమ్మి యిచ్చినదానిని ఇతరులకు చూపినవాడు మగవాడనిపించుకొనడనియు చెప్పుడు.

ఉపాధ్యాయులకు మా విన్నపము వేఱు. బడి పేరు చెడునని ఇట్టి సంగతులను కప్పిపుచ్చుట మన పాఠశాలలకు అలవాటు. పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము బాలలపై నేరము జరిగినదని తెలిసినవారందఱును పోలీసులకు తెలుపవలసినదే. తెలుపనివారికి 6 నెలల వఱకు ఖైదు. తన చేతిక్రింది యుద్యోగి చేసిన నేరమును తెలుపని సంస్థాధిపతికి 1 సంవత్సరము వఱకు ఖైదు. తెలుపలేదని బాలలను మాత్రము శిక్షింపరు. పిల్లను ఇంటికి పంపివేసి, పంచిన పిల్లవానిని పరీక్షకు కూర్చుండబెట్టు బడి తన పేరును నిలుపుకొన్నట్లు కాదు.

ఇట్టి విషయములు బడిలో చెప్పిన పిల్లలు చెడిపోవుదురను వాదము నేటిది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిన కాలమున, అక్షరములు నేర్చిన ఆడుది చెడిపోవునని వాదించు పెద్దలకు మన నాట కొదువ లేదు. ఆ యక్షరములు నేర్చినవారి మనుమరాండ్రే నేడు మన వైద్యులు, మన న్యాయవాదులు. 2007లో కౌమార విద్యాపథకమును మహారాష్ట్రము, గుజరాతు, కర్ణాటకము మొదలగు రాష్ట్రములు ఇట్టి యాక్షేపణలతోనే నిలిపివేసెను. ఇప్పుడు చెప్పిన 2024 నాటి తీర్పునందే సుప్రీంకోర్టు, లైంగికవిద్య యువకులను చెడుత్రోవ పట్టించుననుట అపోహయని పలికి, సమగ్రమైన విద్య అవసరమని సూచించెను. మనము బోధింపకున్న పిల్లలు నేర్వకుండ నుండరు. మఱియొక గురువు వారి జేబులోనే యున్నాడు. వానికి మొగమాటము లేదు, బాధ్యతయు లేదు.

మీలో ఒకరు లేచి, "జరుగరానిది జరిగినపుడు ఏమి చేయవలెను?" అని యడుగవచ్చును. వరుసగ చెప్పెదము.

మొదట బిడ్డను దగ్గఱకు తీసికొనుడు. ఆ రాత్రి ఒంటరిగ విడువకుడు. ఎందుకు చేసితివను ప్రశ్నను వారము దినములు వాయిదా వేయుడు. బిడ్డ మనస్సు క్రుంగినట్లు తోచిన 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసిన మానసిక వైద్యసాయము దొరకును.

రెండవది, సొమ్ము చెల్లింపకుడు. మఱియొక చిత్రమును పంపనీయకుడు. చెల్లించినవాడు చెల్లించువాడని వారికి తెలియును. మిషిగన్ బాలుని విషయమున జరిగినదదియే. ఇదివరకే సొమ్ము పంపియున్నచో 1930 సంఖ్యకు వెంటనే తెలుపుడు. ఆలస్యమైన కొలది సొమ్ము తిరిగివచ్చు ఆశ సన్నగిల్లును.

మూడవది, బెదిరింపు మాటలను తుడిచివేయకుడు. ఖాతా పేరు, ఫోను సంఖ్య, తేది, సొమ్ము పంపిన రశీదు భద్రపఱచుడు. పిమ్మట ఆ ఖాతాను అడ్డగింపుడు. సాక్ష్యమను పేరుతో ఆ చిత్రమును మామలకు బాబాయిలకు పంపకుడు. అదియును పంచుటయే యగును.

నాల్గవది, ఫిర్యాదు చేయుడు. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను ప్రభుత్వపు చోట స్త్రీలకు బాలలకు సంబంధించిన ఇట్టి ఫిర్యాదులను పేరు తెలుపకయే చేయవచ్చును. బాలలకు 1098, అత్యవసరమైన 112 కలవు. ఠాణా మెట్లెక్కుటకు వెఱచువారు పోక్సో చట్టము 24వ సెక్షనును ఎఱుగవలెను. బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దనో, బిడ్డ కోరిన చోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవఱకు సబ్ ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని స్త్రీ అధికారి తీసికొనవలెను. అధికారి యూనిఫారమున ఉండరాదు. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. 23వ సెక్షను ప్రకారము మా పత్రికలు బిడ్డ పేరును గాని, ఊరును గాని, బడిని గాని తెలుపరాదు. దీనిని మేము చట్టమునకు వెఱచి కాక ధర్మమని పాటించుచున్నాము.

ఐదవది, చిత్రమును తీయించు యత్నము. దానిని చూపుచున్న సంస్థకు నేరుగ ఫిర్యాదు చేయవచ్చును. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో ఇట్టి చిత్రములపై బాధితులు ఫిర్యాదు చేసిన పిమ్మట నిర్ణీతమైన గడువులోపల సంస్థ చర్య తీసికొనవలెనని నిర్ణయింపబడినది. యంత్రముతో మార్చి చేసిన చిత్రములును అందు చేరినవి. 2023లో అమెరికాలోని బాలల రక్షణసంస్థ యొకటి 'టేక్ ఇట్ డౌన్' అను సేవను ఉచితముగ నెలకొల్పెను. 18 ఏండ్లలోపు తీసిన చిత్రములకు అది పనికివచ్చును. చిత్రము బిడ్డ ఫోనును దాటి పోదు. దాని వ్రేలిముద్ర వంటి సంకేతము మాత్రమే పోవును. అందు చేరిన సంస్థలు ఆ సంకేతముతో సరిపోల్చి చిత్రమును తొలగించును. ఒకరి ఫోనులోనే దాగియున్న ప్రతులను అది అందుకొనజాలదు. పూర్తి మందు లేదు. అయినను మందు లేదనుట అబద్ధము. ఈ మాటను బిడ్డకు తప్పక చెప్పుడు. ఇక దారి లేదనుకొన్న పిల్లలే ప్రాణములు తీసికొనుచున్నారు.

సోదరీ సోదరులారా! స్వాతంత్ర్యమన భయము లేకుండుటయని మన పెద్దలు మనకు నేర్పిరి. దొరతనము వారి తుపాకికి వెఱవనివారు నలుగురి నాలుకకు వెఱచిరి. ఆ వెఱపు నేటికిని మన యిండ్లలో కాపురమున్నది. పదునైదేండ్ల బిడ్డ తన యింటిలో తన తండ్రికి వెఱచి, ఎన్నడును చూడని పరదేశపు దొంగకు దాసోహమనుచుండగ మనము ఏ స్వాతంత్ర్యమును గూర్చి గర్వింపగలము?

ఈ ప్రసంగమునకు మేము పెట్టుకొన్న ప్రశ్నకు సమాధానము చెప్పి ముగింతుము. సిగ్గు ఎవ్వరిది? నమ్మి పంపిన బిడ్డది పొరపాటు, దిద్దదగిన పొరపాటు. సిగ్గు పంచినవానిది, కొన్నవానిది, చూచి నవ్వినవానిది. తెలిసియు బోధింపని మనది. ఈ సిగ్గును పిల్లల తలపైనుండి దింపి, ఉండవలసిన చోట ఉంచుడు. నేటి రాత్రి ఇంటికి పోయి ఆ నాలుగు మాటలు చెప్పుడు. వెనుక బల్లలపై కూర్చున్న పిల్లలారా! మీ పెద్దలు చెప్పుటకు మఱచినచో, మీరే వారిని అడుగుడు.